లాఠీకి శాలువా

మహారాజశ్రీ పోలీసు శాఖ వారి సముఖానికి,

ఏటా అక్టోబరు 21న తమకు దండలు పడతాయి. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్‌ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో ప్రాణాలు వదిలిన పదిమంది పోలీసుల పేరు మీద జిల్లా జిల్లాకూ పరేడ్ మైదానాల్లో బ్యూగిల్ మోగుతుంది, తుపాకులు తలకిందులవుతాయి, మంత్రిగారు గొంతు సవరించుకుంటారు. అదంతా పోయినవారికి. బతికున్న శాఖను మనసారా పొగిడిన పాపాన ఎవరూ పోలేదు. పేపర్లవాళ్లు ఏకిపారేస్తారు, కోర్టులవాళ్లు అక్షింతలు వేస్తారు, సినిమావాళ్లు ఇంటర్వెల్ ముందు జోకర్నీ తర్వాత దేవుణ్నీ చేస్తారు. ఈ లోటు పూడ్చడానికే ఈ సన్మానపత్రం. పౌరులందరి తరఫున అని మొదలుపెడదామనుకున్నాను గానీ, అందరం అంటే అనుమతి లేని సభ కింద లెక్కేస్తారేమోనని నా ఒక్కడి తరఫునే సమర్పించుకుంటున్నాను.

ముందుగా తమ ఎంపిక విధానానికి నమస్కారం. మనిషి లోపల ఏముందో కనుక్కోలేక లోకంలోని మనస్తత్వ శాస్త్రజ్ఞులంతా తలలు బాదుకుంటుంటే తమరు టేపు తీసి కొలిచేశారు. కానిస్టేబుల్ కావాలంటే మగవాడి ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఏజెన్సీ గిరిజనులకిచ్చే సడలింపు పక్కనపెడితే, 167.5 ఉన్నవాడు ఎంత నిబ్బరం గలవాడైనా ఇంటికే. ఆంధ్రాలో ఛాతీ 86.3 ఉండాలి, ఊపిరి పీలిస్తే మరో 5 పెరగాలి. మనసు ఎంత విశాలమో కొలిచే టేపు బజార్లో దొరకలేదు కాబట్టి ఛాతీతో సరిపెట్టారు. దొరికి ఉంటే అదీ కొలిచేవారే. పరుగు 1600 మీటర్లు. ఆంధ్రాలో 8 నిమిషాలు, తెలంగాణలో 7 నిమిషాల 15 సెకన్లు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అటువైపు దొంగలు 45 సెకన్ల చురుకుదనం సంపాదించారన్న సంగతి ఈ లెక్క చూశాకే నాకు తెలిసింది.

పరుగు పందెం రోజు తెల్లవారుజామున ఆ మైదానం దగ్గరికి వెళ్లి చూడాలి. ఒంటికి ఎలక్ట్రానిక్ చిప్ తగిలించుకుని గీత వెనక వరుసలో పిల్లలు. కొందరి కాళ్లకున్న బూట్లు సొంతవి కావు, స్నేహితుడివో అన్నవో. గేటు బయట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల్లులు. ఆఖరి రౌండులో ఒకడు కడుపు పట్టుకుని కూలబడతాడు. వెనక వస్తున్నవాడు ఒక్క క్షణం చూసి, పక్కనుంచి దాటిపోతాడు. ఆగి చెయ్యి అందిస్తే సెకన్లు పోతాయి, సెకన్లతో పాటు ఉద్యోగం పోతుంది. సాటి మనిషి పడిపోతే ఆగకూడదన్న పాఠాన్ని చేరకముందే నేర్పుతున్నందుకు జోహార్లు.

చేరాక ఆ పిల్లవాడు పరిగెత్తే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నిలబడే రోజులకూ, వినే రోజులకూ లెక్కలేదు. కాన్వాయ్ వస్తుందంటే గంటల తరబడి రోడ్డుకు వీపు పెట్టి నిలబడాలి. మొగుడు కొట్టాడని వచ్చిన ఆవిడ ముందు పెళ్లి కబుర్లు చెప్పి, తర్వాత ఆడపడుచు సంగతి చెప్పి, ఎప్పటికో దెబ్బల దగ్గరికి వస్తుంది, అందాకా వినాలి. నిలబడే ఓపికకూ వినే ఓపికకూ తమరు పరీక్ష పెట్టలేదు. ఉద్యోగంలో పడ్డాక ఎలాగూ అరిగిపోయేవే, ముందే కొలిచి ఏం లాభం అనుకుని ఉంటారు.

రాత పరీక్ష సంగతి చెప్పకపోతే సన్మానం వెలితి. 300 మీటర్ల రైలు 200 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఎంతసేపట్లో దాటుతుందో చెప్పగలిగినవాడు రైలు పట్టాల మీద శవం దొరికినప్పుడు ఆ తండ్రికి కబురు ఎలా చెప్పాలో కూడా చెప్పగలడని తమ నమ్మకం. పోనీ తెలంగాణలో ఒక అడుగు ముందుకేశారు. కానిస్టేబుల్ తుది రాత పరీక్ష సిలబస్‌లో వ్యక్తిత్వ పరీక్షను చేర్చారు: నైతికత, స్త్రీల పట్ల, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం, భావోద్వేగ ప్రజ్ఞ. అద్భుతం. అయితే దాన్నీ నాలుగు గడుల్లోనే పెట్టారు. అర్ధరాత్రి ఒక స్త్రీ ఏడుస్తూ స్టేషనుకు వస్తే మీరేం చేస్తారు, వెళ్లగొడతారా, రేపు రమ్మంటారా, ఓదార్చి ఫిర్యాదు తీసుకుంటారా, పైవేవీ కావా అని అడిగితే ఏ గడి నింపాలో కోచింగ్ సెంటర్ ముందు టీ కాసే కుర్రాడికీ తెలుసు. ఆ ఆవిడ నిజంగా వచ్చిన రాత్రి స్టేషన్లో నాలుగో గడే ఎందుకు నిండుతుందో మాత్రం ఏ గైడులోనూ ఉండదు. దయాగుణానికి మార్కు వేసి, ఆ మార్కును కసాగు, గసాభా మార్కులతో కలిపి మెరిట్ లిస్టు కట్టిన ఘనత మాత్రం చిన్నది కాదు.

ఈ విషయంలో అమెరికావాళ్లు ఎంత వెనకబడ్డారో చూడండి. వందేళ్ల కిందటే లూయిస్ టెర్మన్ అనే ప్రొఫెసర్ శాన్‌ హోసేలో పోలీసు ఉద్యోగాలకు వచ్చినవాళ్ల తెలివిని కొలిచాడు. అప్పట్నుంచి అక్కడ రకరకాల పరీక్షలు, మనస్తత్వ నిపుణుడితో ముఖాముఖి. చివరికి కనెటికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరు ఒకాయన్ని తెలివి ఎక్కువైందని పక్కన పెట్టింది. పరీక్షలో ఆయనకు 33 వచ్చాయి. ఊరివాళ్లకు 27 దాటితే పనికిరాదు. మరీ తెలివైనవాడికి ఈ పని విసుగొస్తుంది, మధ్యలో వదిలేసి పోతాడు, శిక్షణ ఖర్చు దండగ అని వాళ్ల వాదన. 2000లో అప్పీలు కోర్టు కూడా అందులో వివక్ష లేదంది. మన దగ్గర అలాంటి అన్యాయం జరగదు. ఇంటర్ చాలన్న ఉద్యోగానికి బీటెక్కులూ పీజీలూ వస్తే ఆనందంగా తీసుకుని, గార్డు రూము ముందు సెంట్రీగా నిలబెడతాం. విసుగొస్తుందేమోనని ముందే బెంగపడేది వాళ్లు. వచ్చాక భరించేది మనవాళ్లు.

వ్యంగ్యం కాసేపు పక్కనపెట్టి ఒక్క మాట. ఇంటర్వ్యూ లేకుండా మార్కుల మీదే తీసుకోవడం మంచి పనే. మన నేల మీద ఇంటర్వ్యూ పెడితే అభ్యర్థి మనస్తత్వం కన్నా అతని మేనమామ ఎవరో ముందు తెలుస్తుంది. సిఫార్సుకు తలుపు మూశారు, సంతోషం. మనిషిని చూసే కిటికీ కూడా అదే గోడలో ఉందని మరిచారు.

ఇక ఒత్తిడి తట్టుకునే శక్తికి పరీక్ష లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు ఆఖర్లో మొదలయ్యాయి, తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఏనుగైనా 22 నెలల్లో ఈనేస్తుంది. ఈలోగా నంద్యాల గదుల్లో అద్దె కట్టుకుంటూ, రోజూ పొద్దున్నే పరిగెత్తుతూ, 'ఏమైందిరా నీ పోలీసు ఉద్యోగం' అని అడిగిన బంధువులకు నవ్వుతూ జవాబు చెప్పినవాడు ఉన్నాడే, వాడి ఓర్పుకు తమరు పెట్టిన పరీక్షను ఏ విశ్వవిద్యాలయం తయారుచేయగలదు? కొందరు ఆ మధ్యలోనే పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, స్విగ్గీ బండి నడిపి, మళ్లీ వచ్చి పరిగెత్తారు.

ఇలా తేలినవాడి చేతికి లాఠీతో పాటు కంటికి కనపడని వస్తువొకటి ఇస్తారు: విచక్షణ. మిగతా శాఖల్లో కుర్చీ ఎత్తు పెరిగేకొద్దీ నిర్ణయాధికారం పెరుగుతుంది. తమ శాఖలో తిరగేసి ఉంటుంది. డీజీపీ గారు ఒక ఉత్తర్వు ఇవ్వాలంటే ఫైలు కావాలి, న్యాయ సలహా కావాలి, పైనుంచి కనుసైగ కావాలి. రాత్రి పదకొండింటికి సందు మొగలో నిలబడ్డ కానిస్టేబుల్‌కు ఇవేవీ అక్కర్లేదు. ఎవణ్ని ఆపాలి, ఎవణ్ని వదలాలి, ఎవరిని 'సార్' అనాలి, ఎవణ్ని 'ఏరా' అనాలి, అంతా అతని ఇష్టం. చట్టం ముందు అందరూ సమానమేనని ప్రిలిమ్స్‌లో సరైన గడి నింపినవాడే, కారు అద్దం దించినవాడికీ లుంగీ కట్టుకుని నడిచిపోతున్నవాడికీ తేడా రెప్పపాటులో పసిగడతాడు. ఇంత వేగంగా తీర్పు చెప్పే న్యాయస్థానం దేశంలో మరొకటి లేదు. వాయిదాలుండవు, వకీలు ఫీజుండదు, అప్పీలు అసలే ఉండదు.

ఈ విద్య పనితనం దగ్గర్నుంచి చూడాలంటే సెల్‌ఫోన్ పోయినప్పుడు స్టేషనుకు వెళ్లాలి. బస్సెక్కుతుంటే జేబులోంచి లాగేశాడని మీరు రాసుకెళ్తారు. రైటర్ గారు చదువుతారు, కళ్లజోడు తీస్తారు, నిట్టూరుస్తారు. "మీరు చూశారా లాగడం?" "లేదండీ, దిగాక చూసుకుంటే లేదు." "మరి లాగేశాడని ఎలా రాశారు? ఎక్కడో జారిపోయిందని రాసివ్వండి, ఇప్పుడే ముద్ర కొట్టిస్తా. సిమ్ తెచ్చుకోడానికి ఆ కాగితం చాలు." తెల్లకాగితం మీదే, పెన్ను మీదే. ఒక వాక్యం తిరగరాస్తారు, జిల్లాలో ఒక దొంగతనం తగ్గుతుంది. నెల నెలా జరిగే నేర సమీక్షలో కేసులెందుకు పెరిగాయని ఎస్పీ గారు ఎస్సైని నిలదీయరు, ఎస్సై రైటర్ని తిట్టరు, రైటర్ ఆ పూట నిశ్చింతగా నిద్రపోతాడు. దొంగ కూడా.

ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కనిపిస్తేనే కదా! కనిపించకుండా రాయించడంలో తమకున్న నేర్పును న్యాయమూర్తులు ఊహించి ఉండరు.

కేసు కట్టడానికి ఇంత బిడియపడే తమరు, కేసు కాని వాటిని మాత్రం చేతులు చాచి ఆహ్వానిస్తారు. గట్టు తగాదా, చీటీల డబ్బు, అద్దె ఖాళీ చేయని ఇల్లు. ఇవి సివిల్ కోర్టు సంగతులని పాఠంలో చదువుకున్నవాళ్లే సాయంత్రం ఇరుపక్షాలనూ బెంచీ మీద కూర్చోబెట్టి 'మాట్లాడతారు'. కోర్టులో ఇరవై ఏళ్లు పట్టేది ఇక్కడ రెండు కేకలతో తేలుతుంది. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 2019లో వెలువరించిన నివేదిక కోసం దేశవ్యాప్తంగా పోలీసుల్ని పలకరిస్తే, చిన్న నేరాలకు కోర్టు విచారణ ఎందుకు, చిన్న శిక్ష ఏదో మేమే వేసేస్తే సరిపోతుంది కదా అన్నవాళ్లు మూడోవంతుకు పైనే. ఆ చిన్న శిక్షకు స్టేషన్లలో ముద్దుపేరు 'కోటింగ్'. రంగులేసేవాళ్ల మాట ఇంత గౌరవం పొందింది తమ దగ్గరే.

అరెస్టు విద్యలో తమ పట్టుదలకు సాటి లేదు. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్, ధర్మవీర గారి అధ్యక్షతన, అరెస్టుల్లో సుమారు 60 శాతం అనవసరమో అన్యాయమో అని తేల్చింది. వాళ్లను లోపల ఉంచి మేపడానికే జైళ్ల శాఖ ఖర్చులో 43.2 శాతం పోతోందని లెక్క కట్టింది. 1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే గుర్తుచేసింది: అధికారం ఉండటం వేరు, వాడాల్సిన అవసరం వేరు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో మళ్లీ చెప్పింది: ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాలకు ముందు నోటీసు, అరెస్టు తప్పదంటే కారణం కాగితం మీద. ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 35వ సెక్షన్ కింద అదే ఉంది. ఒకే పాఠం ఇన్నిసార్లు చెప్పించుకుని కూడా ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ముఖం పెట్టగలగడం ఎంత సాధన! అందులో తేడాలు చూపడం మరీ నేర్పు. అధికార పార్టీ మీద పోస్టు పెట్టిన కుర్రాడి ఇంటి తలుపు తెల్లవారుజామున నాలుగింటికి తట్టే చేతులే, పలుకుబడి ఉన్నవాడి ఇంటికి నోటీసు తీసుకెళ్లి 'వీలు చూసుకుని రండి' అంటాయి. ప్రభుత్వం మారితే తలుపులు మారతాయి, చేతులు అవే.

పాపం, ఈ చేతుల మీద చట్టానికే నమ్మకం లేదు. నిందితుడు పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టంలో తెల్లదొర రాశాడు. 2023లో మన పార్లమెంటు ఆ చట్టానికి పేరు మార్చి, పాత సామాను చాలా సర్ది, ఆ అపనమ్మకాన్ని మాత్రం 23వ సెక్షన్లో పదిలంగా పెట్టింది. దొర పోయినా, నూటయాభై ఏళ్లు గడిచినా, తుపాకీ ఇచ్చి నమ్మిన మనిషిని కాగితం మీద నమ్మలేదు. ఇంతటి అవమానాన్ని తమరు ఏనాడూ పట్టించుకోలేదు, ఎందుకు నమ్మరని ఒక్కసారీ అడగలేదు. స్థితప్రజ్ఞత అంటే అదే.

ఇక 2019 చలికాలం. ఆ సంగతి రాయాలంటే కలం కాస్త మెల్లగా నడవాలి. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలు ఇంటికి రాలేదు. కుటుంబం స్టేషనుకు పరిగెత్తింది. ఆ ప్రాంతం మా పరిధా మీ పరిధా అన్న మీమాంసలో గంటలు గడిచాయి. తర్వాత ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆమె హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ మధ్యాహ్నానికి అక్కడి వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు కురిశాయి. మిఠాయిలు పంచారు, ఆడపడుచులు పోలీసుల చేతికి రాఖీలు కట్టారు. తొమ్మిది రోజుల్లో ఒకే శాఖ విచక్షణ రెండు కొసలూ చూశాం: కాగితం మీద ఫిర్యాదు రాసుకోడానికి సరిహద్దు అడ్డొచ్చింది, ప్రాణం తీయడానికి ఏ సరిహద్దూ అడ్డురాలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అందులో ఉంది. ఆ రోజు ఎవరూ వంతెన ఎక్కలేదు.

కాబట్టి ఈ శాలువాలో సగం మనకూ చెందుతుంది. మొదటి గంటలో ఎఫ్ఐఆర్ కట్టిన రైటర్‌కు మనం ఎన్నడూ పూలు చల్లలేదు. ఏం చేస్తే చప్పట్లు పడతాయో పోలీసులకు నేర్పింది మనమే. దేహదారుఢ్యం వాళ్లు కొలిచారు, మనోదారుఢ్యం మన ఈలలు కొలిచాయి.

ఇంతటి నిర్ణయాలు చేసే బుర్రను తమరు ఎలా కాపాడుకొస్తున్నారో చెప్పకపోతే కృతఘ్నుణ్నవుతాను. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీతో కలిసి పోలీసు పరిశోధన అభివృద్ధి సంస్థ 2014లో దేశమంతటి స్టేషన్ల లెక్క తీసింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారు. నూటికి 73 మందికి పైగా నెలలో ఒక్క వారపు సెలవైనా వాడుకోలేకపోతున్నారు. ఆ అధ్యయనం చేసిన కాలేజీ మన హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి తమరు చదివే ఉంటారు. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వారపు సెలవు ప్రకటించారు, టీవీలన్నీ చూపించాయి. ప్రకటన అయితే ఉంది. ఏ స్టేషన్లోనైనా రోల్ కాల్ దగ్గర నిలబడి, 'ఈ వారం ఆఫ్ ఎవరికి' అని అడిగి చూడండి. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. వినాయక చవితి, బోనాలు, బ్రహ్మోత్సవాలు, ఎన్నికలు, మంత్రిగారి కూతురి పెళ్లి. ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. పండగ పూట ఇంట్లో కనిపించిన కానిస్టేబుల్‌ను చూసి పక్కింటివాళ్లు 'సస్పెండయ్యాడా?' అని ఆరా తీస్తారు.

పొద్దున ఐదింటికి బందోబస్తు పాయింటులో దింపేసిన మహిళా కానిస్టేబుల్ మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టదు. దాహం లేక కాదు. తాగితే వెళ్లడానికి చోటుండదు. హెల్మెట్ లేని బండివాణ్ని ఆపి ఆవిడ మాట తూలితే, మర్యాద లేదని ఫోన్లో వీడియో తీసి పెడతాం. ఆ ఎండ, ఆ దాహం వీడియోలో పడవు. పక్కనే హోంగార్డు, అదే ఎండలో అదే పని చేస్తూ, పోలీసు కాని పోలీసుగా నిలబడి ఉంటాడు. అతని ఒత్తిడి తమ లెక్కల పుస్తకంలో వేరే పేజీ.

ఒత్తిడికి తమ చికిత్సలు చూడండి. జూన్ 21న తెల్లవారుజామున యోగా, హాజరు తప్పనిసరి. నైట్ డ్యూటీ దిగినవాణ్ని కూడా చాప మీద కూర్చోబెట్టి ప్రశాంతంగా ఊపిరి పీల్చమంటారు. ఛాతీ మరో 5 సెంటీమీటర్లు పెరుగుతుందో లేదో చూసుకోవచ్చు. గొంతెత్తితే మెమో. మరీ గొంతెత్తితే వీఆర్ (వేకెన్సీ రిజర్వు), అంటే కుర్చీ లేని విశ్రాంతి. ఎస్పీనీ స్టేషన్ అధికారినీ కనీసం రెండేళ్లయినా కదల్చకండని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఒకే ఊళ్లో రెండేళ్లుంటే మనిషికి స్తబ్దత వస్తుందని మన ప్రభుత్వాలకు తెలుసు. ఎమ్మెల్యే గారి లేఖ లేనిదే మంచి స్టేషన్ దొరకదని ఎస్సైలే చెప్పుకుంటారు. తమ శాఖలో మనస్తత్వ పరీక్ష లేదన్నది అందుకే అపవాదు. ఉంది, పోస్టింగు దగ్గర పెడతారు, ఒకటే ప్రశ్న.

2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్నెత్తుకుని రోడ్డెక్కారు. మావాళ్లను నెలల తరబడి ఇంటికి పంపడం లేదు, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం పెట్టండి అన్నది వాళ్ల గోడు. యూనిఫాం వేసుకున్నవాడు సంఘం పెట్టి అడగకుండా 1966 చట్టం చేతులు కట్టేసింది కాబట్టి పెళ్లాలు వచ్చారు. అంతలో కొందరు కానిస్టేబుళ్లు కూడా గొంతు కలిపారు. శాఖ వెంటనే స్పందించింది. 39 మందిని సస్పెండ్ చేశారు, మర్నాడు పదిమందిని ఉద్యోగంలోంచే తీసేశారు. డ్యూటీ ఎక్కువైందన్నవాడికి డ్యూటీయే లేకుండా చేయడం; ఒత్తిడి నివారణలో ఇంతకన్నా సూటి వైద్యం ఏ దేశంలోనూ కనిపెట్టలేదు.

మిగిలిన ఒత్తిడి ఎటు పోతుందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. అత్త మీద కోపం దుత్త మీద తీరుతుంది. పైఅధికారి వైర్‌లెస్ సెట్ కాన్ఫరెన్సులో సీఐని దులిపేస్తారు, సీఐ ఎస్సైని, ఎస్సై కానిస్టేబుల్ని. కానిస్టేబుల్ కింద శాఖలో ఎవరూ లేరు. రోడ్డు మీద ఆటోవాడున్నాడు. పద్నాలుగో గంట డ్యూటీలో ఉన్న మనిషి ఆ ఆటోవాడి కాలర్ పట్టుకున్నప్పుడు అతని చేతిలో ఉన్నది రాజ్యాంగం ఇచ్చిన విచక్షణే, కాకపోతే నిద్రలేనిది. అతను చెడ్డవాడని నేననను. బూట్లు అరువు తెచ్చుకుని మంచులో పరిగెత్తిన కుర్రాడే అతను. అతణ్ని ఇలా తయారుచేసిన పనితనం ముమ్మాటికీ తమది, ఆ గౌరవం ఇంకొకరికి పంచడానికి మనసొప్పదు.

శాలువా కప్పేముందు ఆనవాయితీగా ఒక మనవి. వారపు సెలవు ప్రకటన ఒకసారి జరిగింది, ఈసారి సెలవు ఇప్పించండి. ఎంపికలో నాలుగు గడుల దయాగుణం చాలు. శిక్షణ నెలల్లోనైనా మనిషిని కూర్చోబెట్టి మాట్లాడే నిపుణుణ్ని ఒకరిని పెట్టండి. స్టేషన్లో కోపం తలకెక్కుతున్నవాడు మెమో భయం లేకుండా వెళ్లి చెప్పుకునే గది ఒకటి ఇవ్వండి. కేసులు తగ్గించినవాణ్ని కాకుండా, వచ్చిన ఫిర్యాదు వచ్చినట్టు రాసుకున్నవాణ్ని నేర సమీక్షలో మెచ్చుకోండి.

ఇక చదువరులకు. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఈసారి స్టేషనుకు వెళ్తే జరిగింది జరిగినట్టే రాసివ్వండి, నకలు అడిగి తీసుకోండి. ఇచ్చిన రైటర్‌కు ఈ వారం సెలవు దొరికిందో లేదో అది కూడా అడగండి. లేదంటే ఆ సంగతి మీద మీ ఎమ్మెల్యేకు ఒక అర్జీ పెట్టండి.